ప్రభుత్వ బడిలో పిల్లల భద్రత: కమిటీ వాళ్ళం ఎక్కడ మొదలుపెట్టాలి?

కొబ్బరితోట_అమ్మ
అందరికీ నమస్కారం. మాది కోనసీమలో పంట కాలువ పక్కనున్న ఊరు. మా జిల్లా పరిషత్ హైస్కూలుకి ఈసారి తల్లిదండ్రుల కమిటీ చైర్‌పర్సన్‌గా నన్ను ఎన్నుకున్నారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, బాబు ఆరో తరగతి, ఇద్దరూ అక్కడే చదువుతున్నారు. ఊరి నుంచి వెళ్ళి గల్ఫ్‌లో స్థిరపడినవాళ్ళు కొంత డబ్బు పంపిస్తాం, పిల్లల సేఫ్టీకి ఖర్చు పెట్టండి అంటున్నారు. మొన్న మీటింగులో ఎక్కువమంది సీసీ కెమెరాలు పెట్టిద్దామన్నారు. నాకెందుకో మనసొప్పలేదు. మీటింగయ్యాక ఒక్కదాన్నే బడి చుట్టూ తిరిగాను. వెనక పాత పెంకుల బిల్డింగుకి తాళం వేశారు గానీ దాని వరండాలోనే పిల్లలు అన్నాలు తింటున్నారు. ఆడపిల్లల బాత్రూముకి లోపల గడియ లేదు, కొక్కేనికి చున్నీ కట్టుకుని వెళ్తున్నారు. గ్రౌండులో కొబ్బరిచెట్లకి ఎండు మట్టలు వేలాడుతున్నాయి. ఇవన్నీ ఉండగా ముందు కెమెరాలా అనిపించింది. కానీ ఏది ముందు, ఏది తర్వాత, ఎవరికి రాయాలి, ఏది మా చేతుల్లో ఉంది అన్నది తెలియట్లేదు. ఇలాంటి పని చేసినవాళ్ళుంటే దయచేసి చెప్పండి.

ఏటిగట్టు_మాస్టారు
అమ్మా, నేను హెచ్‌ఎంగా రిటైరయ్యాను, సర్వీసంతా రాజోలు, అమలాపురం వైపే. మీరు తిరిగి చూశారు చూడండి, అదే అసలు పని, దాన్నే ఇంకాస్త పద్ధతిగా చేయండి. మీటింగు రోజున బడి మీకు ఊడ్చి పెట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి మామూలు రోజున వెళ్ళండి. పొద్దున బెల్లుకి ముందు గేటు దగ్గర నిలబడండి, ఆటోల్లోంచి పిల్లలు రోడ్డు వైపు దిగుతున్నారా గోడ వైపు దిగుతున్నారా చూడండి. మధ్యాహ్నం చేతులు కడిగే కుళాయిల దగ్గర చూడండి, ఒక్కసారిగా అంతమంది తోసుకొస్తే పాచి పట్టిన గచ్చు మీద ఎంతమంది జారుతున్నారో తెలుస్తుంది. సాయంత్రం బడి వదిలాక కాలువ గట్టు మీద కొంత దూరం వాళ్ళ వెనకే నడవండి. మీ దగ్గర చిన్న నోటు పుస్తకం ఉంటే చాలు, యాప్‌లూ అవీ తర్వాత.

ఇంకో మాట. పిల్లల్నే అడగండి. ఆరో తరగతి వాళ్ళని విడిగా, తొమ్మిది, పది వాళ్ళని విడిగా, ఆడపిల్లల్ని ఒక టీచరమ్మ సాయంతో వేరుగా కూర్చోబెట్టి, "బడిలో ఎక్కడికెళ్ళాలంటే మీకు భయం?" అని అడిగితే మనం ఏళ్ళ తరబడి చూడనివి వాళ్ళు క్షణంలో చెప్తారు. నేను పనిచేసిన ఒక బడిలో పిల్లలు చెప్పిన మొదటి చోటు సైకిల్ స్టాండు వెనక సందు. స్టాఫులో ఎవరూ ఆ వైపు వెళ్ళేవాళ్ళం కాదు, పెద్దపిల్లలు చిన్నపిల్లల దగ్గర డబ్బులు లాక్కునేది అక్కడే.

చట్టప్రకారం మీకు బలం ఉందమ్మా. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలి. అదే చట్టం ప్రహరీ గోడో కంచో ఉండాలనీ, ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు మరుగుదొడ్లు, మంచినీళ్ళు ఉండాలనీ చెప్తుంది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రతి బడికీ సొంత భద్రతా ప్రణాళిక ఉండాలని ఉంది. మీ హెచ్‌ఎం గారిని ఆ ప్రణాళిక కాగితం ఒకసారి చూపించమని మర్యాదగా అడగండి. లేకపోతే కూర్చుని కలిసి రాయండి.

పీఆర్_ఇంజినీరు
ఆ పాత బిల్డింగు విషయం ముందు తేల్చండి, మిగతావన్నీ తర్వాత. తాళం వేస్తే సరిపోదు. వరండా కప్పు కూడా ఆ బిల్డింగులో భాగమే కదా, పిల్లలు తినేది దాని కిందే. 2025 జులై 25న రాజస్థాన్‌లో ఝాలావాడ్ జిల్లాలో ఒక ప్రభుత్వ బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ వెంటనే దేశమంతా బడుల బిల్డింగులకు ఆడిట్ చేయమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి మీరు అడిగేది కొత్త కోరిక కాదు, పై నుంచి వచ్చిన ఆదేశమే.

ఇవాళే తాడు కట్టించండి, లేకపోతే ముళ్ళకంపైనా వేయించండి, గోడకి కనీసం దాని ఎత్తంత దూరంలో పిల్లలు అటు వెళ్ళకుండా. తర్వాత కమిటీ తీర్మానంతో మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి అర్జీ పెట్టండి, ఇంజినీరు వచ్చి చూసి బిల్డింగు పనికిరాదని రాసివ్వాలి, ఆ సర్టిఫికెట్ ఉంటేనే పడగొట్టడానికి అనుమతి వస్తుంది. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు తీసుకోవడం మర్చిపోకండి.

ఇక వాడుతున్న గదుల సంగతి. మన వైపు సముద్రపు గాలికి స్లాబులో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటుని బయటికి తోస్తుంది, పెచ్చులూడేది అందుకే. పెచ్చు ఊడిన చోట సున్నం కొట్టి కప్పేస్తే లోపల తుప్పు అలాగే ఉంటుంది. పొడుగాటి కర్ర తీసుకుని స్లాబు కింద అక్కడక్కడా తట్టండి, గట్టిగా మోగితే పర్వాలేదు, డొల్లగా మోగితే కింద బెంచీలు తీసేయించండి. గోడ మీద సన్నటి జుట్టులాంటి గీతలకి కంగారు పడక్కర్లేదు. స్తంభం మీద ఏటవాలుగా పడిన పగులు, కిటికీ మూల నుంచి పైకి పాకిన వెడల్పాటి పగులు, రోజులు గడిచేకొద్దీ పెరిగేది, ఇవి చూపించాలి. పెన్సిలుతో పగులు చివర తారీఖు రాసి పెట్టండి, దాటిందో లేదో మీకే తెలుస్తుంది. సన్‌షేడ్లు, వర్షానికి నానిన ప్రహరీ గోడలు కూడా చూడండి, స్లాబుల గురించి మాట్లాడినంతగా వీటి గురించి ఎవరూ మాట్లాడరు.

రాజోలు_టు_హైదరాబాద్
అందరూ కెమెరాల్ని తీసిపారేస్తున్నారు, నాకు నచ్చలేదు. మా ఊరి బడిలో రాత్రిపూట తాగి వరండాలో సీసాలు పగలగొట్టేవాళ్ళు, పొద్దున్నే పిల్లలు చెప్పుల్లేని కాళ్ళతో ఆ గాజు పెంకుల మీద నడిచేవాళ్ళు. కంప్యూటర్లు పోయాయి. కెమెరాలు పెట్టాక తగ్గింది, నేను డబ్బు పంపినవాళ్ళలో ఒకణ్ణి కాబట్టి కచ్చితంగా చెప్తున్నాను. మాలాంటివాళ్ళం దూరంగా ఉండి ఇంతకంటే ఏం చేయగలం?

కొబ్బరితోట_అమ్మ
అన్నయ్యా, మీరు చెప్పింది నిజమే, మా దగ్గర కూడా ఆదివారాలు ఆ గొడవ ఉంది. కెమెరా వద్దని కాదు నా ఉద్దేశం. అంతా దానికే పోతే బాత్రూము గడియలకి రూపాయి మిగలదని భయం.

ఏటిగట్టు_మాస్టారు
బాబూ, కెమెరా రాత్రి దొంగకి పనికొస్తుంది. దాన్ని ఎవరు చూస్తారు, కరెంటు పోతే ఏం చేస్తుంది, రికార్డు ఎన్నాళ్ళుంటుంది, చెడిపోతే బాగుచేయించే డబ్బు ఎక్కడిది అని ముందే రాసుకోండి. చాలా బడుల్లో ఏడాది తిరిగేసరికి పెట్టె ఉంటుంది, బొమ్మ ఉండదు. గేటు దగ్గర ఒకటి, కంప్యూటర్ గది దగ్గర ఒకటి చాలు. మిగతా డబ్బు నైట్ వాచ్‌మన్ మీద, లైట్ల మీద పెడితే పిల్లలకి ఎక్కువ మేలు. బాత్రూముల వైపు మాత్రం ఏ కెమెరా తిరగకూడదు, అది కమిటీయే కళ్ళారా చూసి నిర్ధారించుకోవాలి.

సచివాలయం_మహిళాపోలీసు
గోడలూ గేట్లూ సరే, పిల్లలకి ఎక్కువ హాని తెలిసినవాళ్ళ నుంచే జరుగుతుంది, మా ఉద్యోగంలో రోజూ చూసేది ఇదే. ఆటో అబ్బాయి కావచ్చు, పక్కింటి మావయ్య కావచ్చు, స్టాఫులో ఒకరు కావచ్చు. అందుకని ఫిర్యాదుల పెట్టె పెట్టండి, కానీ తాళం చెవి హెచ్‌ఎం ఒక్కరి దగ్గరే ఉంటే ఆ పెట్టెలో ఎవరూ చీటీ వేయరు. కమిటీలో ఒక తల్లి, ఒక టీచరమ్మ, నాలాంటి బయటివాళ్ళు ఒకరు, ముగ్గురూ ఉన్నప్పుడే తెరవాలి, అదీ వారం వారం, పలానా రోజని పిల్లలకి తెలిసేలా. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పిల్లల కంటికి ఆనే ఎత్తులో రాయించండి, ఆఫీసు గదిలో రాస్తే ఏం లాభం.

ఒక విషయం గట్టిగా చెప్తున్నాను. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి సర్దేయడానికి వీల్లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, తన కింద పనిచేసేవాళ్ళ నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా. ఆ పిల్ల పేరు, ఊరు, ఫొటో ఎక్కడా బయటపెట్టకూడదు, వాట్సాప్ గ్రూపులో కూడా. "పిల్ల పెళ్ళి కావాలి, పరువు పోతుంది" అని తల్లిదండ్రులే వెనక్కి లాగుతారు, అప్పుడు మీలాంటి కమిటీ వాళ్ళు ఆ తల్లి పక్కన కూర్చోవాలి.

బూడిదగుమ్మడి
నేను ఇంటర్ సెకండియర్. అక్కా, నేను చదివిందీ గవర్నమెంటు హైస్కూల్లోనే. మా బాత్రూముకి గడియ ఉండేది కానీ దారి మాత్రం మగపిల్లల వరండా ముందు నుంచి వెళ్ళేది, అందుకని నేనూ నా ఫ్రెండ్సూ పొద్దుటి నుంచి నీళ్ళు తాగేవాళ్ళం కాదు. నెలసరి రోజుల్లో బడి మానేసేవాళ్ళం. మీరు గడియ పెట్టించేటప్పుడు ఆ దారి కూడా చూడండి ప్లీజ్. ఇంకోటి, మాకు బయటివాళ్ళ కంటే లోపలి బెత్తం అంటేనే ఎక్కువ టెన్షన్. లెక్కలు రాకపోతే కొట్టే సార్ దగ్గరికి వెళ్ళి ఎవరో నన్ను ఏడిపిస్తున్నారని ఎలా చెప్తాం?

ఏటిగట్టు_మాస్టారు
తల్లీ, నువ్వు చెప్పిన చివరి మాట ప్రతి స్టాఫ్ మీటింగులో చదివి వినిపించాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పట్టుకున్న చోట పిల్లవాడు నిజం చెప్పడు. నిజం చెప్పని బడిలో ఏ ప్రమాదమూ ముందుగా మన చెవిన పడదు.

వైనతేయ_రేవు
మాది లంక, అంటే గోదావరి పాయల మధ్య ఉన్న ఊరు. మీరందరూ గేటు లోపల గురించి మాట్లాడుతున్నారు, మా పిల్లలకి భయం గేటు బయటే. కాజ్‌వే (ఏటి పాయ మీద పల్లంగా వేసిన రోడ్డు) మీద నీళ్ళెక్కితే నాటు పడవే దిక్కు. 2018 జులై 14న పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో పడవ, కడుతున్న వంతెన పిల్లర్‌ని గుద్దుకుని తిరగబడింది, కొట్టుకుపోయినవాళ్ళలో బడి ఆడపిల్లలే ఎక్కువ. ఆ తర్వాత కొన్నాళ్ళు అందరూ లైఫ్ జాకెట్లు అన్నారు. ఇప్పుడు మా రేవులో పడవెక్కితే జాకెట్లు మూటగట్టి ఒక మూల ఉంటాయి, తడిసి బూజు పట్టి, బకిల్స్ ఊడి. పిల్లల సైజువి అసలే లేవు. పెద్దవాళ్ళ జాకెట్ ఆరో తరగతి పిల్లాడికి వేస్తే నీళ్ళలో పడగానే తల మీదుగా జారిపోతుంది, కాళ్ళ మధ్య నుంచి కట్టే పట్టీ లేకపోతే అది ఉన్నా లేనట్టే.

ఇంకో సంగతి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు, అంటే పది లక్షల క్యూసెక్కులు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. పల్లంలో ఉన్న మా కాజ్‌వేలు మొదటి హెచ్చరిక రాకముందే మునిగిపోతాయి. ఎర్రనీరు, అంటే కొత్త వరద నీరు, వచ్చిందంటే మేము లెక్కపెట్టుకోవడం మొదలెడతాం. కానీ బడికి మాత్రం సెలవు కలెక్టరాఫీసు నుంచి రావాలి. పొద్దున పిల్లలు దాటి వెళ్ళాక మధ్యాహ్నానికి నీరు పెరిగితే వాళ్ళు ఆ ఒడ్డున ఉండిపోతారు. 2022 జులైలో ఇరవై ఐదు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, అప్పుడంటే ముందే తెలిసింది. చిన్న వరదలే పిల్లల్ని పట్టుకుంటాయి.

కొబ్బరితోట_అమ్మ
మా బడికి కూడా రెండు లంకల నుంచి పిల్లలొస్తారండి. నిజంగా ఈ వైపు ఆలోచించలేదు. ఏం చేస్తే బాగుంటుందంటారు?

వైనతేయ_రేవు
లంక పిల్లల పేర్లు, ఇంటి ఫోన్లు, ఏ రేవు, పడవ నడిపేవాడి ఫోను, ఇవన్నీ ఒక కాగితం మీద ఆఫీసులో అంటించండి. జులై నుంచి అక్టోబరు దాకా పొద్దున ఒకసారి, భోజనాల వేళకి ఒకసారి పడవ అతనికి ఫోన్ చేసే బాధ్యత ఒక టీచరుకి పేరు పెట్టి ఇవ్వండి. నీరు పెరుగుతోందంటే లంక పిల్లల్ని ముందు పంపేయాలి, పెద్దవాళ్ళెవరైనా రేవు దాకా తోడెళ్ళాలి. పంపడానికి వీల్లేకపోతే ఆ రాత్రి ఎవరింట్లో ఏ పిల్ల ఉంటుందో ముందే మాట్లాడి పెట్టుకోవాలి, ఆడపిల్లల విషయంలో మరీను. వరద రోజులకి ఆబ్సెంటు వేసి భయపెట్టకూడదు, దానికి భయపడే పిల్లలు ఉరకలేసే నీళ్ళలో పడవెక్కుతారు. పిల్లల సైజు జాకెట్లు కొని బడిలోనే ఆరబెట్టి ఉంచి, వారానికోసారి బకిల్స్ లాగి చూడండి. మీ గల్ఫ్ డబ్బుకి ఇంతకంటే మంచి ఖర్చు నాకు తోచట్లేదు.

పీహెచ్‌సీ_సిస్టర్
వరద తీసిన వెంటనే మా దగ్గరికి పాముకాట్లు వస్తాయి. కొబ్బరి డొక్కల పోగులు, విరిగిన బెంచీల గుట్టలు, గదుల మూలల్లో పెట్టిన పాత కాగితాల బస్తాలు, ఇవన్నీ బడి ఆవరణలోంచి తీసేయించండి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకండి, మంత్రం వేయించడానికి తీసుకెళ్ళి టైము పోగొట్టకండి. పిల్లని కదలనివ్వకుండా పడుకోబెట్టి, కరిచిన చెయ్యో కాలో కదలకుండా చూసి, 108కి ఫోన్ చేయండి. విషానికి మందు ఆస్పత్రిలోనే ఉంటుంది. కుక్క కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడగాలి, పసుపూ కారం పెట్టకూడదు, అదే రోజు టీకా మొదలవ్వాలి. మా ఏఎన్‌ఎంలు బడికి వచ్చినప్పుడు టీచర్లకి ఇది చేసి చూపించమని అడగండి. మందుల డబ్బా ఉందా అంటే అన్ని బడులూ ఉందంటాయి, తెరిస్తే ఎండిపోయిన అయోడిన్ సీసా, తేదీ దాటిన మాత్రలూ ఉంటాయి.

పొయ్యిదగ్గర
మా అమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, ఆవిడ చెప్తుంటే నేను టైపు చేస్తున్నాను. "మమ్మల్ని ఏ మీటింగుకీ పిలవరు. బడిలో మంట, సలసలా కాగే సాంబారు, కత్తి, గ్యాసు బండ అన్నీ మా దగ్గరే ఉంటాయి కదా. షెడ్డులో సిలిండరు పొయ్యి పక్కనే పెట్టాల్సి వస్తోంది, బయట పెట్టడానికి గూడు కట్టించమని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాం. సాంబారు గిన్నె వరండాలోంచి మోసుకెళ్తుంటే పిల్లలు ఆటల్లో అడ్డంగా పరిగెత్తుతారు, నా గుండె నోట్లోకొస్తుంది. బెల్లు కొట్టే లోపలే గిన్నెలు చేర్చేలా ఐదు నిమిషాలు ఇప్పిస్తే చాలు. రుచి చూడమని సార్లని పిలిస్తే ఒక్కొక్కసారి రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోతారు. నిజంగా తినాలి, పిల్లల కంటే ముందే తినాలి." అమ్మ చెప్పింది ఇంతే. నేను కలిపేది, 2013లో బీహార్‌లో ఛప్రా దగ్గర బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, వంటలో పురుగుమందు కలిసింది. మన ఊళ్ళలో వరికీ చెరువులకీ మందులు వాడని ఇల్లు లేదు. మందుల డబ్బాలు కడిగి నూనెకీ నీళ్ళకీ వాడటం ఎవరింట్లో చూసినా ఆపండి.

లైన్‌మన్_గోదారి
చిన్న మాట. మంచినీళ్ళ ప్లాంటు, మోటారు ఉన్న చోట తడి, కరెంటు రెండూ ఉంటాయి, చెప్పుల్లేని పిల్లలుంటారు. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టే పరిస్థితి వస్తే కరెంటు ఆపేసే స్విచ్) ఉందో లేదో చూడండి, లేకపోతే పెట్టించండి, పెద్ద ఖర్చు కాదు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి, పడకపోతే మార్చాలి. ఎర్తింగ్ గొయ్యి ఎండాకాలంలో ఎండిపోతే సరిగ్గా పనిచేయదు. కొబ్బరి మట్టలు లైను మీద పడేలా ఉంటే మా ఆఫీసుకి చెప్పండి, సొంతంగా ఎవర్నీ ఎక్కించకండి. దింపు (కొబ్బరికాయల కోత) తీయించేటప్పుడే ఎండు మట్టలు, గెలలు కూడా కొట్టించమనండి, అదీ సెలవు రోజున.

భీమవరం_నాన్న
నాది ఒకటే ప్రశ్న. బడి టైములో గేటుకి తాళం వేయాలా వద్దా? మా దగ్గర ఒక తాత ఎవరో పిల్లని తీసుకెళ్ళబోయాడని గొడవయ్యాక పొద్దుట నుంచి సాయంత్రం దాకా తాళమే. నేనైతే అదే కరెక్టంటాను.

పీఆర్_ఇంజినీరు
మూయండి, తాళం మాత్రం వద్దు. 2004లో తమిళనాడులో కుంభకోణం అనే ఊళ్ళో ఒక బడిలో వంటశాల మంట తాటాకు కప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు పోయారు, ఇరుకు దారుల్లో ఇరుక్కుపోయి. ఆ ఘటన మీదే 2009లో సుప్రీంకోర్టు బడులన్నిటికీ మంటల నుంచి రక్షణ ఉండాలని చెప్పింది. గేటు దగ్గర మనిషి ఉండాలి, లోపలి నుంచి చెయ్యి పెట్టి తీయగలిగే గడియ ఉండాలి, రెండో దారి ఒకటి ఉండాలి. పిల్లని తీసుకెళ్ళడానికి ఎవరొచ్చినా రిజిస్టరులో సంతకం, తల్లికో తండ్రికో ఫోను. ఫైర్ సిలిండరు ఉంటే దాని మీటరు ముల్లు పచ్చ రంగులో ఉందా చూడండి, టీచర్లలో కనీసం ఇద్దరికైనా పిన్ను లాగి వాడటం వచ్చి ఉండాలి.

భీమవరం_నాన్న
మనిషిని పెట్టడానికి డబ్బెవరిస్తారండీ?

రాజోలు_టు_హైదరాబాద్
అది మేం చూసుకుంటాం. కెమెరాల లెక్క తగ్గించి ఏడాది జీతం ముందే జమ చేసేలా మా గ్రూపులో మాట్లాడతాను. ఇక్కడ చదివాక ఇదే సరైనదనిపిస్తోంది.

కొబ్బరితోట_అమ్మ
అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పటికి జరిగింది చెప్తాను. హెచ్‌ఎం గారు సహకరించారు. పాత వరండాకి కంచె వేయించాం, అన్నాలు ఇప్పుడు కొత్త బ్లాకు హాల్లో పెడుతున్నారు, వంటవాళ్ళకి బెల్లుకి ముందు టైము ఇచ్చారు. ఆడపిల్లల బాత్రూములన్నిటికీ లోపల గడియలు పెట్టించాం, దారి మగపిల్లల వరండా వైపు కాకుండా వెనక నుంచి వేయడానికి మట్టి తోలించాలి. పిల్లల్ని అడిగితే మాకు తెలియనిది బయటపడింది: సాయంత్రం ఒక ఆటోలో పిల్లల్ని డ్రైవరు పక్కన రెండు వైపులా కూర్చోబెడుతున్నాడు, ఒక పాప కాలువ మలుపు దగ్గర జారి కింద పడిందట, ఇంట్లో చెప్పలేదు. మహిళా పోలీసు గారు వచ్చి ఆటోవాళ్ళందరితో మాట్లాడారు. లంక పిల్లల లిస్టు రాశాం, సైన్సు మేడమ్ ఫోన్ బాధ్యత తీసుకున్నారు, జాకెట్లకి ఆర్డరు పెట్టాం. ప్రతి పనికీ ఎదురుగా ఒకరి పేరు, తారీఖు రాసి స్టాఫ్ రూములో అంటించాం.

ఆగిపోయింది ఒక్కటే, పాత బిల్డింగు. ఎంఈఓ ఆఫీసులో అర్జీ ఇచ్చాం. ఇంజినీరు ఇంకా రాలేదు. వర్షాలు మొదలైపోయాయి.

పీఆర్_ఇంజినీరు
రసీదు నంబరుతో, ఫొటోలతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా ఫిర్యాదుల కార్యక్రమానికి వెళ్ళండి. ఫొటోలో పగులు పక్కన స్కేలు పెట్టి తీయండి, పెచ్చు ఊడి ఊచలు కనిపించే చోటు దగ్గరగా ఒకటి, బిల్డింగుకీ పిల్లలు తిరిగే దారికీ మధ్య దూరం తెలిసేలా ఒకటి. కమిటీ తీర్మానం కాపీ జత చేయండి. వీలైతే నలుగురు తల్లులు కలిసి వెళ్ళండి.

కొబ్బరితోట_అమ్మ
వెళ్తున్నాం అండి, ఆరుగురం. పంచాయతీ ట్రాక్టరు కాకుండా బస్సులోనే. ఏమయ్యిందో వచ్చి ఇక్కడే రాస్తాను.

వైనతేయ_రేవు
జాకెట్లు వచ్చాక మా రేవుకి ఒకసారి తీసుకురండి, మా పడవవాళ్ళకి చూపించాలి. మా బడికీ అవే తెప్పిద్దామనుకుంటున్నాం.